బోర్ నీళ్ళ తెల్ల పెచ్చులు ఎలా పోతాయి? ఏది దేనికి వాడాలో చెప్పండి ప్లీజ్

నిజాంపేట్_బ్యాచిలర్:
అందరికీ నమస్తే. నెలాఖరుకి ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాం. మూడేళ్ళుగా బోర్ నీళ్ళే, ట్యాపులు షవరు అన్నీ తెల్లగా పెచ్చులు కట్టేశాయి, టైల్స్ గోరుతో గీకితే పొడి రాలుతోంది. ఓనర్ అడ్వాన్స్‌లో కోసేస్తాడని భయమేసి నిన్న నేనూ రూమ్మేటూ ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తీశాం. ముందు టాయిలెట్ క్లీనర్ పోశాం, బుసబుసమని నురగ వచ్చింది గానీ మూలల్లో నలుపు కదల్లేదు, సరే అని వాడు దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లాడు. నిమిషం కూడా కాలేదు, స్విమ్మింగ్ పూల్ వాసన గుప్పుమని కొట్టి గొంతు పట్టేసింది, కళ్ళల్లో నీళ్ళు, ఇద్దరం బాల్కనీలోకి పరుగు. రాత్రి దాకా దగ్గు. ఇంకో ఘనకార్యం, మిగిలిన లిక్విడ్ వంటింట్లో కడప బండ మీద జిడ్డుకి రాశా. జిడ్డు అలాగే ఉంది, నల్ల బండ మీద అరచెయ్యంత తెల్ల మచ్చ మాత్రం పడింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముగ్గుపిండి_అక్క:
అయ్యో తమ్ముడూ ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు కదరా! ముందు ఆ దగ్గు తగ్గిందా లేదా చెప్పు, ఆయాసంగా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, టైల్స్ ఎక్కడికీ పోవు. ట్యాపులకి నేను వాడేది నిమ్మ ఉప్పు, కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు, పంచదారలా ఉంటుంది. అర లీటరు గోరువెచ్చటి నీళ్ళల్లో రెండు పెద్ద చెంచాలు కలిపి, పాత బనియన్ గుడ్డ అందులో ముంచి ట్యాపు చుట్టూ చుట్టేసి అరగంట ఆగు. షవర్‌కి అయితే ఆ నీళ్ళు పాలకవర్‌లో పోసి షవర్ తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టేయ్. తర్వాత పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది. రాత్రంతా మాత్రం వదిలెయ్యకు, పైన మెరుపు పోతుంది.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
బాబూ, మీరు పీల్చింది క్లోరిన్ గ్యాసు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలిందంటే క్లోరిన్ బయటికొస్తుంది. తలుపేసిన చిన్న బాత్రూంలో ఇది ఆటలు కాదు. బ్లీచింగ్‌లో నీళ్ళు తప్ప ఇంకేమీ కలపకూడదు, వెనిగర్ కూడా, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కూడా.

ఇక మరక సంగతి. మీ ట్యాపు మీద తెలుపు సున్నపు పదార్థం, కాల్షియం కార్బొనేట్, అది యాసిడ్‌కే కరుగుతుంది. మీ కడప బండ కూడా సున్నపురాయే! పెచ్చుని తినే యాసిడ్‌కి పెచ్చుకీ బండకీ తేడా ఏం తెలుస్తుంది, రెండిటినీ తింటుంది. తాండూరు బండ, షాబాదు బండ, మార్బుల్, మార్బుల్ చిప్స్ వేసిన మొజాయిక్, అన్నిటిదీ ఇదే కథ, నిమ్మచెక్కతో రుద్దినా మచ్చ పడుతుంది. గ్రానైట్ కొంచెం నయం. వంటింటి జిడ్డుకి యాసిడ్ పని చెయ్యదు, దానికి బట్టల సోడా గానీ గిన్నెల లిక్విడ్ గానీ వేడి నీళ్ళల్లో కలిపి వాడాలి, చేతికి గ్లౌజులు వేసుకుని. మూలల్లో నలుపు బూజు, దానికి బ్లీచింగే, కాకపోతే ముందు పోసిన యాసిడంతా బకెట్ల కొద్దీ నీళ్ళతో కడిగేసి, ఇంకో రోజు, కిటికీ తీసిపెట్టి.

డూ_ఇట్_యువర్‌సెల్ఫ్_బావ:
ఇంత అవసరమా సార్, బేకింగ్ సోడా వెనిగర్ కలిపి పోస్తే అన్నీ పోతాయి, వీడియోల్లో చూపిస్తారు కదా, ఎంత పొంగుతుందో.

రిటైర్డ్_కెమిస్ట్రీ:
పొంగేది కార్బన్ డయాక్సైడ్ అండీ. ఒకటి క్షారం ఒకటి ఆమ్లం, కలిపితే ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పు నీళ్ళ లాంటిది. విడివిడిగా వాడండి, వెనిగర్ ట్యాపుకి, సోడా టీ కప్పుల మరకలకి.

మేస్త్రీ_కొడుకు:
ఆటోలో మైకు పెట్టుకుని యాసిడ్, ఫినాయిల్ అని వస్తారే, ఆ సీసా మాత్రం కొనకు బ్రో. కొన్నవాళ్ళ వివరాలు రిజిస్టర్‌లో రాయకుండా అమ్మొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది, వాళ్ళకేం పట్టదు. మా నాన్న వెళ్ళే ఇళ్ళల్లో సగం బాత్రూంల్లో టైల్స్ బాగానే ఉంటాయి, మధ్య సిమెంట్ జాయింట్లే యాసిడ్‌కి కొట్టుకుపోయి కింది ఫ్లోర్‌కి నీళ్ళు దిగుతుంటాయి. ఫినాయిల్ కూడా మరకలకి కాదు, క్రిములకీ వాసనకీ.

నిజాంపేట్_బ్యాచిలర్:
అప్‌డేట్. దగ్గు తగ్గింది అక్కా. నిమ్మ ఉప్పు సూపర్, షవర్ కవర్ విప్పితే అడుగున తెల్ల పెచ్చులు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, మూసుకుపోయిన చిల్లులన్నీ తెరుచుకుని నీళ్ళు సూదుల్లా వస్తున్నాయి, మూడేళ్ళలో ఇలా స్నానం చెయ్యలేదు, ఖాళీ చేసే వారం ముందు తెలిసింది చూడండి నా ఖర్మ. బండ మీద మచ్చ మాత్రం అలాగే ఉంది.

మేస్త్రీ_కొడుకు:
అది మరక కాదు, పైన పాలిష్ తినేసింది. మళ్ళీ పాలిష్ పట్టిస్తేనే పోతుంది. అప్పటిదాకా కొబ్బరి నూనె రాసి గుడ్డతో గట్టిగా రుద్దు, నల్లగా కనిపిస్తుంది. నాలుగు సార్లు తడిగుడ్డ పెట్టి తుడిస్తే మళ్ళీ బయటపడుతుంది అనుకో.

నిజాంపేట్_బ్యాచిలర్:
ఓనర్ ఆదివారం పొద్దున వస్తానన్నాడు. శనివారం రాత్రి రాస్తా.

ముగ్గుపిండి_అక్క:
నిజం చెప్పెయ్ రా, నూనె రాస్తే వాసనకే పట్టేస్తాడు ఆయన.