ఆరుబయట నిలిపే మోటార్‌హోమ్: టార్పాలిన్ కప్పాలా, వద్దా?

చక్రాలఇల్లు:
నమస్తే అండి. మా మోటార్‌హోమ్‌కు షెడ్ లేదు, ఆరుబయటే ఉంటుంది. ఎండ నేరుగా నెత్తిమీదే. వాన పట్టిందంటే రోజుల తరబడి వదలదు. చలికాలం రాత్రిళ్లు సున్నా కిందికి దిగిపోతుంది. ఈసారి నాన్నగారి ఆరోగ్యం బాగాలేక నేను ఆయన దగ్గరే ఉండాలి, కొన్ని నెలలు బండి కదలదు. లోపలి చెక్కపనంతా ఆయన చేత్తో చేసిందే. ఆ అల్మారాల్లోకి నీళ్లు దిగుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

పైకప్పు రబ్బరుది (ఈపీడీఎమ్). రెండు వెంట్లు, ఒక స్కైలైట్, ఒక సోలార్ ప్యానెల్ ఉన్నాయి. పక్కకు జరిగే గది ఒకటి. బ్యాటరీలు లెడ్ యాసిడ్‌వి. ఇప్పటికే పరుపు ఎత్తితే కొంచెం ముక్క వాసన వస్తోంది. నా దగ్గర పెద్ద ప్లాస్టిక్ టార్పాలిన్ ఉంది. దాన్ని కప్పి తాళ్లతో గట్టిగా కట్టేస్తే సరిపోతుందా?

పైకప్పుపని:
ప్లాస్టిక్ టార్పాలిన్ మాత్రం కప్పకండి. ఈ బండ్ల పైకప్పులు బాగుచేయడమే నా పని. టార్పాలిన్ కింద పాడైన బండ్లు చాలా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. దానికి గాలాడదు. పగలు ఎండకు లోపలి చెమ్మ ఆవిరై పైకి లేస్తుంది, రాత్రి చల్లబడగానే పట్టా అడుగున నీటి చుక్కలై మళ్లీ బండి మీదే పడుతుంది. ఆరడమన్నదే ఉండదు. పైగా ఎంత బిగించి కట్టినా గాలికి కొట్టుకుంటుంది. మధ్యలో దుమ్ము చేరిందంటే రంగు మీద గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. తాడు ఒరుసుకున్న చోట రబ్బరు కూడా కోసుకుపోతుంది.

మోటార్‌హోమ్‌ల కోసం గాలాడే గుడ్డతో కుట్టిన కవర్లు ఉంటాయి. కప్పితే అలాంటిదే, మీ బండి కొలతకు సరిపోయేదే కప్పండి. వదులుగా ఉంటే గాలికి ఉబ్బుతుంది. నిచ్చెన, యాంటెన్నా, వాననీటి గాడి చివరలు లాంటి మొన తేలిన చోట్ల ముందు మెత్తటి నురగ గొట్టాలు చుట్టండి. లేకపోతే కవర్ చిరిగేది సరిగ్గా అక్కడే.

అయినా కవర్ సంగతి తర్వాత, ముందు పైకప్పు ఎక్కి చూడండి. నీళ్లు దిగేది రబ్బరు షీటులోంచి చాలా అరుదు. వెంట్ అంచులు, స్కైలైట్ చుట్టూ, సోలార్ స్క్రూలు, ముందూ వెనకా షీటు ముగిసే పట్టీలు... ఏ పైకప్పుకైనా లీకు వచ్చేది వీటి దగ్గరే. పాత సీలెంట్‌ను (అతుకుల్లో నీళ్లు దిగకుండా పూసే జిగురు) వేలితో నొక్కుతూ వెళ్లండి. బీటలు వారినా, అంచు లేచినా ఊడిన మేరకు తీసేసి, శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక కొత్తది పెట్టండి. చదునుగా ఉన్న చోట తనంతట తాను పరుచుకునే రకం, నిలువు అంచులకు జారని రకం వాడాలి. మామూలు సిలికాన్ వద్దు. అది రబ్బరుకు సరిగా పట్టదు, తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు. శుభ్రం చేయడానికి పెట్రోలియం ద్రావకాలు కూడా వద్దు, ఈపీడీఎమ్ ఉబ్బిపోతుంది.

ఆ ముక్క వాసనను తేలిగ్గా తీసుకోకండి. పరుపు కింద చెక్కను చేత్తో నొక్కి చూడండి. మెత్తగా దిగితే పైనుంచో కిటికీ నుంచో లీకు ఉన్నట్టు. గట్టిగానే ఉంటే మనుషుల ఊపిరి చెమ్మ పరుపు అడుగున చల్లటి చెక్కకు పట్టి ఉండొచ్చు. అప్పుడు పరుపును నిలబెట్టి ఉంచితే చాలావరకు పోతుంది. మీ నాన్నగారి అల్మారాల తలుపులన్నీ తెరిచే ఉంచండి, ఫ్రిజ్ తలుపు కూడా. చెమ్మ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెడితే మంచిదే. కానీ అందులో చేరే నీరు లోహాన్ని తినేస్తుంది, కింద లోతైన ప్లాస్టిక్ పళ్లెం తప్పనిసరి. పక్కకు జరిగే గదిని లోపలికి లాగేయండి, దాని రబ్బరు అంచులు తుడిచి ఆరాకే.

నీళ్లలైను:
చలి సున్నా కిందికి పోతుందంటున్నారు కాబట్టి నీళ్ల లైన్లు మరచిపోవద్దు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది, పైపు కీళ్లు, పంపు పగులుతాయి. ట్యాంకులన్నీ ఖాళీ చేయండి. నీళ్ల హీటర్ ఆపి, పూర్తిగా చల్లారాక, వేడినీళ్ల కుళాయి తిప్పి ఒత్తిడి పోయాక హీటర్‌లో నీరు దిగే మర విప్పండి. వేడినీళ్లవీ చన్నీళ్లవీ కుళాయిలన్నీ తెరిచే ఉంచండి. షవర్ గొట్టాన్ని కిందికి వేలాడేయండి. సింకు కింద వంపులో నీరు మిగులుతుంది, అందులో ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన యాంటీఫ్రీజ్ పోయాలి. ఇంజిన్‌కు వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, అది తాగునీటి లైన్ల దరిదాపులకు రాకూడదు.

దారిపొడవునా:
నా వరకు, గాలి ఎక్కువగా వీచే చోటైతే కవరే వద్దంటాను. అతుకులు బాగుంటే రబ్బరు పైకప్పు వానను తట్టుకుంటుంది. ఎండకు ముందు పోయేవి టైర్లు, వాటికి తెల్లటి తొడుగులు వేస్తే చాలు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు బాగున్నా రబ్బరు ముసలిదైతే నమ్మకూడదు. గాలి తగ్గకుండా చూసుకోండి.

ఇంకోటి, హ్యాండ్ బ్రేక్ వేసి నెలల తరబడి వదిలేయకండి. చెమ్మకు బ్రేకులు పట్టేస్తాయి. సమతలంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు అడ్డాలు పెట్టండి.

చక్రాలఇల్లు:
పరుపు కింద చెక్క గట్టిగానే ఉందండి, చేత్తో నొక్కి చూశాను. పెద్ద ఊరట. పైకప్పు మీద మాత్రం వెనక వెంట్ అంచున సీలెంట్ లేచింది, ఈ వారమే చేస్తాను. ఒక్క అనుమానం. కవర్ వేస్తే సోలార్ మూసుకుపోతుంది కదా, మరి బ్యాటరీలు?

పైకప్పుపని:
మూసుకుపోతుంది. దగ్గర్లో కరెంటు ఉంటే నిండాక తనంతట తాను తగ్గే ఛార్జర్ పెట్టి, నెలకోసారి నీటి మట్టం చూసుకోండి. కరెంటు లేకపోతే నిండుగా ఛార్జ్ చేసి, నెగటివ్ తీగ విప్పేయండి. గ్యాస్ అలారం లాంటివి ఆపినట్టు కనిపించినా కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి. ఎలాగూ ఆ అలారం పనిచేయదు కాబట్టి గ్యాస్ సిలిండర్ వాల్వు ముందే కట్టేయండి. విప్పిన బ్యాటరీ కాసేపు ఊరికే ఉన్నాక 12.6 వోల్టులు చూపాలి. 12.4 కన్నా దిగితే మళ్లీ ఛార్జ్ చేయాలి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలా తీవ్రమైన చలికి కూడా నిలబడుతుంది, పూర్తిగా దిగిపోయినది సున్నా కింద 7 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకట్టి పగులుతుంది.

మీరు ఊళ్లో ఉండరు కాబట్టి దగ్గరివాళ్లెవరికైనా తాళం ఇచ్చి వెళ్లండి. పెద్ద వాన పడ్డ మర్నాడు లోపలికి వెళ్లి, వెనక వెంట్ చుట్టూ సీలింగ్‌ను, దాని కింది అల్మారా లోపలి మూలలను చేత్తో తడిమి చూడమనండి. సీలెంట్ పట్టిందో లేదో అప్పుడు తెలుస్తుంది.