సాఫ్ట్ లాకప్: లిస్ట్ లూప్‌లోంచి కెర్నల్ బయటికి రావట్లేదా?

లినక్స్ కెర్నల్ లోపల పని చేసినవాళ్లు కాస్త చూసి చెప్పండి. మా నెట్‌ఫిల్టర్ (కెర్నల్‌లో ప్యాకెట్లను వడకట్టే వ్యవస్థ) మాడ్యూల్ వచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ కనెక్షన్ ఎంట్రీని హ్యాష్ టేబుల్‌లో (ఎంట్రీలను బకెట్లుగా విడదీసి, ఒక్కో బకెట్‌కి ఒక లిస్ట్ ఉంచే పట్టిక) వెతుకుతుంది. ట్రాఫిక్ పెరిగితే ఒక సీపీయూ 100 శాతానికి వెళ్లి అక్కడే ఉండిపోతోంది, కాసేపటికి లాగ్‌లో "సాఫ్ట్ లాకప్, సీపీయూ 2 స్టక్ ఫర్ 22 సెకన్లు" అని పడుతోంది, అంటే ఆ కోర్ కెర్నల్ కోడ్‌లోనే ఇరుక్కుని వేరే పనికి చోటివ్వట్లేదు. వెనకే ఆర్‌సీయూ (లాక్ లేకుండా లిస్ట్‌లు చదవనిచ్చే కెర్నల్ పద్ధతి) స్టాల్ హెచ్చరిక. మిగతా కోర్లు బానే ఉన్నాయి.

మామూలు ఓవర్‌లోడ్ అనుకోలేను. ట్రాఫిక్ ఆపేసినా కోర్ దిగట్లేదు. ప్రతి రిపోర్ట్‌లోనూ ఆర్‌ఐపీ (సీపీయూ ఇప్పుడు కోడ్‌లో ఎక్కడుందో చెప్పే రిజిస్టర్) అదే వెతికే ఫంక్షన్‌లో ఉంది, రిజిస్టర్‌లో ఎంట్రీ పాయింటర్ మాత్రం అవే నాలుగు అడ్రస్‌ల మధ్య తిరుగుతోంది.

నా అనుమానం టైమర్ మీద. అది ఎంట్రీని ఒక బకెట్‌లోంచి తీసి, గ్రేస్ పీరియడ్ (పాత రీడర్లందరూ చదవడం ముగించేదాకా ఉండే గడువు) ఆగకుండా వెంటనే ఇంకో బకెట్‌లో పెడుతుంది (పాత కోడ్, రాసినవాళ్లు ఇప్పుడు లేరు). ఆ క్షణంలో అదే ఎంట్రీ మీదున్న రీడర్ కొత్త లిస్ట్‌లోకి జారిపోతే, తను బయల్దేరిన హెడ్ (లిస్ట్ మొదలు, అక్కడికి తిరిగొస్తేనే లూప్ ఆగుతుంది) ఇక ఎదురుపడదు కదా? లిస్ట్ నిజానికి పాడవదు కాబట్టి డీబగ్ లిస్ట్ (లిస్ట్ లింకులు చెడితే పట్టే కెర్నల్ తనిఖీ) ఆన్ చేసినా కిక్కురుమనట్లేదు.

దీన్ని రుజువు చేసేదెలా? సాఫ్ట్‌లాకప్ పానిక్ (లాకప్ రాగానే కెర్నల్‌ని ఆపేసే సెట్టింగ్) పెట్టి కేడంప్ (అప్పటి మెమరీ కాపీ) తీస్తే, ఆ నాలుగూ ఏ బకెట్‌లో ఉన్నాయో క్రాష్ టూల్‌తో చూడొచ్చా? టైమర్‌లో నిద్రపోకూడదు కనుక సింక్రనైజ్ ఆర్‌సీయూ (గ్రేస్ పీరియడ్ అయ్యేదాకా నిద్రపోయి ఆగే కాల్) కుదరదు. హెచ్‌లిస్ట్ నల్స్‌కి (చివర ఏ బకెట్‌దో చెప్పే గుర్తుండే లిస్ట్) మారడమా, పాతది కాల్ ఆర్‌సీయూకి (గ్రేస్ పీరియడ్ తర్వాత విడుదల చేసే కాల్) ఇచ్చేసి కొత్త ఎంట్రీ కేటాయించడమా? మీరైతే ఏది చేస్తారు?