అప్‌డేట్: కొత్తపట్నం పిల్లలకు తిమింగలం పాట

మా ఒకటో తరగతి పిల్లలకు తిమింగలాలు, డాల్ఫిన్ల గురించి పాటగా ఎలా చెప్పాలని ఆమధ్య అడిగాను కదా. హైలెస్సా వరసలో కట్టమన్నారు ఒకరు. అదే పట్టుకున్నాను.

"చేప కాదమ్మో తిమింగలం, హైలెస్సా
తల్లిపాలు తాగే తిమింగలం, హైలెస్సా"

నేను ముక్క అంటే వాళ్లు హైలెస్సా అందుకుంటారు. వలలు లాగే ఇళ్ల పిల్లలు, తాళం నేర్పే పనే లేదు. పాట మధ్యలో ఒక పాప ఆపేసింది. "టీచర్, నీళ్లల్లో పాలు కలిసిపోవా?" ఎంత మంచి ప్రశ్న! తిమింగలం పాలల్లో గేదె పాలకంటే కొవ్వు చాలా ఎక్కువ, అంత చిక్కటి పాలు చప్పున నీళ్లలో కలవవని చెప్పాను. అదే తర్వాతి చరణమైంది.

చేప తోక పక్కలకు ఆడుతుంది, డాల్ఫిన్ తోక పైకీ కిందికీ. అది చేతులతో చేయించాను.

హంప్‌బ్యాక్ మగ తిమింగలం పాట రికార్డింగు కూడా వినిపించాను. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో తిమింగలాల గొంతూ ఉందంటే, మళ్లీ పెట్టమని ఒకటే గోల. నాకూ ఒళ్లు పులకరించింది.

బాటిల్‌నోస్ డాల్ఫిన్లకు దేని ఈల దానిదే, పేరులాగా. పిల్లలూ తలా ఒక ఈల ఎంచుకున్నారు. ఇప్పుడు హాజరుకు ఈలే పలుకుతున్నారు.

నీలి తిమింగలం చరణమే కుదరడం లేదు. దాదాపు 30 మీటర్ల దాకా పెరుగుతుందన్న మాట ఈ వరసలో ఇమిడేలా ఎవరైనా రాసిపెడతారా?