గది గడియ ఊడదీశాను. తప్పు చేశానా?

కూకట్‌పల్లి నాన్న | ఆగస్టు 26, 2020

మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా వాడు నీట్ (మెడికల్ ఎంట్రన్స్) లాంగ్‌టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ ఏడాదిపాటు కోచింగ్. మార్చిలో కరోనా అని హాస్టల్ ఖాళీ చేయమంటే పరుపు, పెట్టె, మూడు బస్తాల మెటీరియల్ వేసుకుని ఇంటికి వచ్చాడు. నెల రోజుల ముచ్చటేలే అనుకున్నాం. మే 3న జరగాల్సిన పరీక్ష జులై 26కి పోయింది, అక్కడి నుంచి సెప్టెంబరు 13కి. ఈ నెల 17న సుప్రీంకోర్టు కూడా ఇక వాయిదా లేదంది.

ఇప్పటికి నెల నుంచి తలుపు వేసుకుని లోపల గడియ పెట్టుకుంటున్నాడు. భోజనానికి వస్తాడు, కంచం సింకులో పడేస్తాడు, మళ్లీ టక్కున గడియ. చవితి నాడు పూజకు పిలిస్తే పలకలేదు. నేను కొట్టాను, వాళ్లమ్మ కొట్టింది, చివరికి మా అమ్మాయి కూడా కొట్టింది. ఐదు నిమిషాలు. పేపర్లో చదివిన వార్తలన్నీ కళ్ల ముందు తిరిగాయి. అప్పుడు తీశాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, నిద్రమొహం.

మర్నాడు వాడు స్నానానికి వెళ్లినప్పుడు స్క్రూడ్రైవర్ తీసుకుని గడియ ఊడదీశాను. నాలుగు స్క్రూలు, రెండు నిమిషాల పని. వాడు వచ్చి చూశాడు, ఏమీ అనలేదు. ఇవాళ్టికి నాలుగో రోజు, నాతో మాటల్లేవు. మా ఆవిడ మంచి పని చేశావంటోంది. మా తమ్ముడేమో, హాస్టల్ వార్డెన్ పోయి నువ్వు వచ్చావన్నమాట అన్నాడు. మీరేమంటారు?

బెజవాడ అమ్మ | ఆగస్టు 26

చాలా కరెక్ట్ పని చేశారండీ. మన చిన్నప్పుడు మనకు వేరే గదులెక్కడివి? హాల్లో టీవీ మోగుతుంటే ఓ మూల కూర్చుని చదువుకున్నాం. ఏమైంది?

మా చిన్నది తొమ్మిదో తరగతి. తొమ్మిది నుంచి పన్నెండు వాళ్లకు ఆన్‌లైన్ క్లాసులు రోజుకు నాలుగు సెషన్లు మించొద్దని జులైలో కేంద్రం ‘ప్రజ్ఞత’ అని మార్గదర్శకాలు ఇచ్చింది. దాని స్కూలు ఆరు పెడుతోంది, అడిగితే సిలబస్ అంటారు. పొద్దుటి నుంచి ఫోను చేతిలోనే. సారు ఒకవైపు చెబుతుంటే ఇంకోవైపు ఏం నడుస్తోందో మనకు తెలియాలంటే తలుపు తీసి ఉండాల్సిందే. మా ఇంట్లో రూలు ఒకటే: బాత్రూముకు తప్ప గడియ లేదు.

లాంగ్‌టర్మ్ బ్యాచ్ | ఆగస్టు 26

అంకుల్, నేనూ 13న అదే పరీక్ష రాస్తున్నాను. మీ అబ్బాయి మాట్లాడడు కాబట్టి నేను చెబుతాను.

హాస్టల్లో గదికి ఎనిమిది మందిమి. ఆరింటికి స్టడీ అవర్ మొదలు, రాత్రి పది దాటితే గానీ లేవనివ్వరు. అక్కడ ఏడవాలంటే బాత్రూమే, అదీ బయట ఎవరో బకెట్‌తో నిలబడి తలుపు కొట్టేదాకా. ఇంటికి వచ్చాక గది దొరికిందని ఎంత సంతోషించానో. ఇంట్లో ఏమవుతోందంటే, అరగంటకోసారి తలుపు తోసుకుని ఎవరో ఒకరు వస్తారు. పాలు. బత్తాయి రసం. నానబెట్టిన బాదం పప్పులు. అమ్మ నిజంగా రసం ఇవ్వడానికే వస్తే గ్లాసు టేబుల్ మీద పెట్టి పోతుంది. పెట్టాక పుస్తకం వైపు ఒకసారి చూస్తుంది చూడండి, ఆ చూపు కోసం వస్తుందని నాకు తెలుసు. నాన్న వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వాయిదా వార్తా గట్టిగా చదివి వినిపిస్తారు, సగం అబద్ధాలే.

సిలబస్ మూడుసార్లు అయిపోయింది. నాలుగోసారి అదే జువాలజీ పేజీ తిప్పుతుంటే అక్షరాలు కనిపిస్తాయి, లోపలికి పోవు. అప్పుడు పుస్తకం మూసి ఇరవై నిమిషాలు గోడ చూస్తూ కూర్చుంటాను. గడియ ఆ ఇరవై నిమిషాల కోసం.

ఒక్కటి అడగనా? మీ భయం మేం చదవట్లేదనా, ఏమైనా చేసుకుంటామనా? పెద్దవాళ్లు రెండూ కలిపేసి ఒకే గొంతుతో అడుగుతారు. మాకు మొదటిదే వినిపిస్తుంది.

నల్గొండ పంతులు | ఆగస్టు 27

గడియ గురించి గొడవ పడుతున్నారంటే మీకు గదులున్నాయని అర్థం. సంతోషం.

ఎగతాళి కాదు. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు వేస్తారట. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరికి ఫోనుంది రాసుకు రమ్మంటే ఊళ్లో తిరుగుతున్నాను. ఒక ఫోనుంటే అది తండ్రి జేబులో ఉంటుంది, తండ్రి పనిలో ఉంటాడు. చాలా ఇళ్లు ఒకటే గది. మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పత్తి చేన్లో కలుపు తీస్తూ కనిపించింది. బడి ఉన్నప్పుడు మధ్యాహ్నం అన్నం, గుడ్డు, దోస్తులు. ఇప్పుడు చేను, ఇల్లు. సాయంత్రం పూట వాళ్ల ఇంటి వెనక వేపచెట్టు కింద బండ మీద కూర్చుంటుందట. అక్కడేం చేస్తావమ్మా అంటే ‘ఏం చేయను సార్, ఊకె కూసుంట’ అంది. వాళ్లమ్మకు అదే కోపం. పని ఎగ్గొట్టడానికి కూర్చుంటోందని.

నా లెక్కలో ఆ బండా, ఈ గడియా ఒకటే. నేను మీ అబ్బాయి పక్షం.

హనుమకొండ కౌన్సెలర్ | ఆగస్టు 27

లాంగ్‌టర్మ్ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరే ఆగుదాం, ఎందుకంటే రెండు భయాలకూ మందు వేరు.

చదవట్లేదన్న భయమైతే గడియతో పనే లేదు. రోజూ పద్దెనిమిది గంటలు పుస్తకం ముందు కూర్చోబెట్టినా బుర్ర అంతసేపు పనిచేయదు. వేళకు నిద్ర, రోజుకు ఒక అరగంట డాబా మీద నడక, పరీక్ష ఊసు లేని ఒక పూట భోజనం. ఈ మూడూ జరిగితే మిగతాది వాడు చూసుకుంటాడు.

ప్రాణభయమైతే గడియ తీసినంత మాత్రాన చాలదు. నేరుగా అడగాలి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దవాళ్లు జంకుతారు. అలా జరగదు. ఎవరైనా అడిగితే బాగుండని ఎదురుచూసే పిల్లలే ఎక్కువ. తిండి మానేయడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాటలు, ఇవి ఉంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విద్యార్థుల కోసమే జులై 21న కేంద్రం ‘మనోదర్పణ్’ ప్రారంభించింది. టోల్‌ఫ్రీ 8448440632. తల్లిదండ్రులూ చేయొచ్చు.

కూకట్‌పల్లి గారూ, ఆ ఐదు నిమిషాల తర్వాత ఏ తండ్రయినా గడియ వైపు చూస్తాడు. నేనైనా తీసేవాణ్ణేమో. కానీ వాడు స్నానంలో ఉన్నప్పుడు తీయడం ఉంది చూశారా, అది దొంగతనంగా చేసినట్టయింది. వాడి ఎదురుగా, ‘నాకు భయమేసిందిరా’ అని చెప్పి తీయాల్సింది.

బెజవాడ అమ్మ | ఆగస్టు 27

చెప్పడానికి అన్నీ బాగానే ఉంటాయి సార్. మా వీధిలో రెండేళ్ల కిందట ఇంటర్ రిజల్ట్స్ రోజు ఒకరింట్లో తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. పిల్ల బతికింది. గడియ గట్టిది కాదు కాబట్టి బతికింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పర్మిషన్ అడిగి తీయాలి, ఎదురుగా తీయాలి అని మీరంటుంటే నాకు ఒళ్లు మండుతోంది. ముందు తీయండి, తర్వాత మాట్లాడుకోండి.

లాంగ్‌టర్మ్ బ్యాచ్ | ఆగస్టు 27

ఆంటీ, ఆ విషయం మీ పిల్లలకు చెప్పారా? మీకు రూలు ఎందుకుందో వాళ్లకు తెలుసా?

బెజవాడ అమ్మ | ఆగస్టు 27

చెప్పలేదు.

కూకట్‌పల్లి నాన్న | ఆగస్టు 29

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి పదకొండుకు వెళ్లాను. తలుపు దగ్గరికేసి ఉంది. కొట్టాను. ‘గడియ లేదుగా, కొట్టడం ఎందుకు’ అన్నాడు లోపలి నుంచి. ఐదు రోజుల తర్వాత మొదటి మాట.

సారీ చెబుదామని వెళ్లినవాణ్ణి, నోరు రాక ‘ఏసీ రిమోట్ ఇక్కడుందా’ అన్నాను. ఆ గదిలో ఏసీ లేదు. వాడు నా మొహంలోకి చూసి నవ్వాపుకున్నాడు. మంచం చివర కూర్చుని, కౌన్సెలర్ గారు చెప్పిన ప్రశ్న అడిగేశాను. గొంతు వణికింది. ‘లేదు నాన్నా’ అన్నాడు. కాసేపు ఊరుకుని, ‘మళ్లీ వాయిదా అంటే మాత్రం పిచ్చెక్కుతుంది’ అన్నాడు. రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టట్లేదట. అందుకని మధ్యాహ్నం ఒక గంట పడుకుంటున్నాడట. పగలు పడుకున్నాడని తిడతామని గడియ. ఇంతే. చవితి నాడూ అదే. నిద్ర పట్టకపోవడం గురించి సోమవారం డాక్టరుతో మాట్లాడతాం.

గడియ ఇంకా పెట్టలేదు. మా ఆవిడ 13 దాటాకే అంటోంది, స్క్రూలు దాచేసింది కూడా. పొద్దున చూస్తే తలుపుకు లోపలి నుంచి కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు.

బెజవాడ అమ్మ | ఆగస్టు 29

కుర్చీ కూడా తీసేయండి.

లాంగ్‌టర్మ్ బ్యాచ్ | ఆగస్టు 29

ఆంటీ!!