అప్‌డేట్: జూడో వీధిలో పనికొస్తుందా అని అడిగాను కదా

పోటీల కోసం నేర్పే జూడో, నిజంగా ఎవడైనా మీద పడితే ఆదుకుంటుందా అన్నది నా ప్రశ్న. మీరు చెప్పినట్టే క్లబ్‌లో చేరాను. పనికొస్తుందండీ, ఎదురు తిరిగే మనిషి మీదే సాధన చేస్తాం కాబట్టి.

మొన్న బస్టాండులో ఒకడు తాగి నా కాలర్ పట్టుకున్నాడు. వాడి మోచేతి దగ్గర చొక్కా గుంజి, పక్కకు తిప్పి వదిలించుకున్నాను. టెన్షన్ పడ్డా చేతులు ఆగలేదు.

కింద పడి కుస్తీ మాత్రం వద్దు. 1993లో తొలి యూఎఫ్‌సీలో (రకరకాల యుద్ధకళల వాళ్లు తలపడే పోటీ) రాయిస్ గ్రేసీ అనే ఫైటర్ అలాంటి కుస్తీతోనే గెలిచాడంటే, అక్కడ ఒకసారికి ఎదురుగా ఉన్నది ఒక్కడే. రోడ్డు మీద వాడి స్నేహితులూ ఉంటారు. జూడో పోటీల్లో 2010 నుంచి కాళ్లు పట్టడం మీద ఆంక్షలున్నాయి, అందుకే ఎవడైనా కాళ్లు పట్టబోతే తప్పించుకోవడం కోచ్ దగ్గర విడిగా నేర్చుకుంటున్నాను. అన్నిటికంటే విలువైనది మాత్రం తలకు దెబ్బ తగలకుండా పడటం. మా అమ్మాయికి ముందు అదే నేర్పిస్తున్నాను.