యూజర్ స్టోరీలు ఉంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ అక్కర్లేదా?

పాత_టెస్టర్:
పోయిన వారం మా టీమ్‌లో జరిగిన గొడవతో మొదలుపెడతాను. సబ్‌స్క్రిప్షన్ గడువు ముగిశాక కస్టమర్‌కి ఇంకా ఎన్ని రోజులు యాక్సెస్ ఉంచుతాం అని సపోర్ట్ వాళ్లు అడిగారు. చిన్న ప్రశ్న. మా పనులన్నీ నమోదయ్యే జిరా టూల్‌లో వెతికితే దీని మీద నాలుగు యూజర్ స్టోరీలు (యూజర్‌కి ఏం కావాలో చెప్పే చిన్న రాతలు) దొరికాయి, నాలుగూ 'డన్'లోనే ఉన్నాయి. మొదటిదాంట్లో 7 రోజులని ఉంది. ఏడాది తర్వాత రాసినదాంట్లో నెలవారీ ప్లాన్‌కి 3 రోజులు. మూడోదాంట్లో పేమెంట్ ఫెయిలైతే మూడుసార్లు ప్రయత్నించి ఆపేయాలని ఉంది, రోజుల ఊసే లేదు. నాలుగోది ఒక్కటే వాక్యం: "కాల్‌లో అనుకున్నట్టు పాత లాజిక్ మార్చాలి." ఆ కాల్‌లో ఉన్న ముగ్గురిలో ఇద్దరు ఉద్యోగం మారారు, మూడో ఆయనకి గుర్తులేదు. కోడ్ తెరిస్తే 5 రోజులు! ఆ అయిదు ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరికీ తెలీదు.

నా ప్రశ్న సూటిగా అడుగుతున్నా. స్టోరీలే రిక్వైర్‌మెంట్లయితే, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా నడవాలో చెప్పే నియమాలైతే, మా దగ్గర ఉన్నవి ఏ రకం రిక్వైర్‌మెంట్లు? కాకపోతే మా రిక్వైర్‌మెంట్లు ఎక్కడున్నట్టు?

కోడే_సాక్ష్యం:
తప్పు స్టోరీలది కాదండీ, వాటిని మీరు రికార్డులా దాచుకోవడానిది. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి మొదలుపెట్టినవాళ్లు, అంటే 90ల చివర్లో క్రైస్లర్ జీతాల ప్రాజెక్టులో కెంట్ బెక్ వాళ్లు, వీటిని అరచేయంత అట్టముక్కల మీద రాసుకునేవారు. దాని మీద వివరమంతా పట్టదు. పట్టకూడదనే అట్టముక్క ఎంచుకున్నారు. 2001లో ఆ బృందంలోని రాన్ జెఫ్రీస్ దీన్నే మూడు మాటల్లో చెప్పాడు: కార్డ్, కాన్వర్జేషన్, కన్ఫర్మేషన్. కార్డు గుర్తు కోసం, అసలు విషయం మాటల్లో తేలుతుంది, తేలినదానికి టెస్టు సాక్ష్యం. మీ నాలుగో స్టోరీలో కార్డుంది, మాటలు కూడా జరిగాయి. టెస్టు ఒక్కటే లేదు. అది రాసి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

బీఏ_పదేళ్లు:
కోడే_సాక్ష్యం గారూ, ఆ కథలో సగమే చెప్పారు. ఆ పద్ధతిలో కస్టమర్ ప్రతినిధి టీమ్‌తోపాటే కూర్చోవాలి. సందేహం వస్తే కుర్చీ తిప్పి అడిగితే చాలు. ఇప్పుడు ఎంతమందికి ఆ భాగ్యం ఉంది? మా కస్టమర్ నిద్ర లేచేసరికి మా టీమ్ ఇంటికెళ్లే వేళవుతుంది. మాటలన్నీ చాట్‌లో ముక్కలు ముక్కలుగా నడుస్తాయి. మూడు కాళ్ల స్టూల్‌కి ఒక కాలు తీసేసి, స్టూల్ మంచిదే అంటే ఎలా?

ఇంకొకటి. "అజైల్‌లో డాక్యుమెంట్లు ఉండవు" అనేవాళ్లు, 2001లో ఇలాంటి పద్ధతుల వాళ్లు కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టోని ఒకసారి చదివితే బాగుండు. సమగ్ర డాక్యుమెంటేషన్ కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ ఇస్తాం అన్నారు. 'కంటే' అన్నారు, 'బదులు' అనలేదు. తక్కువ విలువ ఇచ్చినవాటికీ విలువ ఉందని కింద విడిగా రాశారు కూడా. ఆ వాక్యం దాకా ఎవరూ రారు.

కొత్త_పీవో:
ప్రొడక్ట్ ఓనర్‌గా, అంటే టీమ్ ఏం చేయాలో తేల్చే మనిషిగా, నాకు ఏడు నెలల అనుభవమే, తప్పైతే సరిదిద్దండి. స్క్రమ్ (అజైల్ పద్ధతుల్లో ఒకటి) చేస్తే స్టోరీలు రాయాల్సిందేనని ట్రైనింగ్‌లో చెప్పారు. "ఫలానా యూజర్‌గా నాకు ఫలానాది కావాలి, ఫలానా లాభం కోసం" అన్న మూసలో లేకపోతే మా స్క్రమ్ మాస్టర్ వెనక్కి పంపేస్తారు. నిన్న ఒక డెవలపర్ "డేటాబేస్‌గా నాకు ఒక ఇండెక్స్ కావాలి" అని రాశాడు. మూస ప్రకారం ఉంది కాబట్టి పాసైపోయింది.

బీఏ_పదేళ్లు:
డేటాబేస్‌కి కోరికలు పుట్టాయన్నమాట, బాగుంది. స్క్రమ్ గైడ్‌లో యూజర్ స్టోరీ అన్న మాటే లేదమ్మా. ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ ఐటమ్ (చేయాల్సిన పనుల జాబితాలో ఒక అంశం) అంటుంది అంతే, అది ఎలా రాసుకుంటారో మీ ఇష్టం. ఆ మూస కూడా 2001 ప్రాంతంలో కనెక్స్‌ట్రా అనే కంపెనీ టీమ్ తమ సౌలభ్యం కోసం పెట్టుకున్నది. ఇండెక్స్ కావాలంటే "ఇండెక్స్ పెట్టాలి, సెర్చ్ నెమ్మదిగా ఉంది" అని రాసుకోండి, ఎవరూ కాదనరు.

పరికరాల_పని:
మాది వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్. ఐఈసీ 62304 ప్రమాణం ప్రకారం రిక్వైర్‌మెంట్లు రాసిపెట్టి తీరాలి, ఏ రిక్వైర్‌మెంట్‌ని ఏ టెస్టు నిరూపిస్తుందో చూపించాలి. అయినా మేమూ స్ప్రింట్లు (కొద్ది వారాల పని విడతలు) చేస్తాం, స్టోరీలు రాస్తాం. రెంటికీ మధ్య మాకు గొడవ రాదు. ఎందుకంటే స్టోరీని మేం రిక్వైర్‌మెంట్ అనుకోం.

పాత_టెస్టర్ గారూ, మీ నాలుగు స్టోరీలనే జమాఖర్చు పుస్తకంలా చూడండి. ఒక్కో స్టోరీ ఒక్కో పద్దు: ఈ రోజు ఇది మారింది, ఆ రోజు అది మారింది. సపోర్ట్ వాళ్లు అడిగింది నిల్వ: ఇప్పుడు ఎంత? మీ దగ్గర పద్దులున్నాయి, నిల్వ రాసే గడి లేదు. మా దగ్గర గడువు నియమానికి ఒక స్థిరమైన నంబరు ఉంటుంది. స్టోరీలో "ఆ నంబరు నియమాన్ని 7 నుంచి 3కి మార్చాలి" అని రాస్తాం. పనయ్యాక స్టోరీ మూతపడుతుంది, నియమం మాత్రం కొత్త విలువతో అక్కడే ఉంటుంది.

కోడే_సాక్ష్యం:
పోలిక బాగుంది. కానీ పద్దులు సరిగ్గా ఉంటే నిల్వ లెక్కేసుకోవచ్చుగా? ఆ లెక్కే టెస్టు సూట్, అంటే కోడ్‌ని తనిఖీ చేసే టెస్టులన్నీ. "నెలవారీ ప్లాన్ గడువు ముగిసింది, నాలుగో రోజు లాగిన్ అయితే, యాక్సెస్ ఉండకూడదు" అని గివెన్-వెన్-దెన్ (ఈ స్థితిలో, ఇలా చేస్తే, ఇది జరగాలి) పద్ధతిలో రాసి నడపండి. మామూలు మనిషి కూడా చదవగలడు. డాక్యుమెంట్‌ని ఎవరూ తిరగరాయకపోతే అది నింపాదిగా అబద్ధం చెబుతూ కూర్చుంటుంది. టెస్టు అలా కాదు, కోడ్ మారగానే ఫెయిలై ఎర్రబడుతుంది. రెండొందల పేజీల స్పెసిఫికేషన్ మీద సంతకాలు పెట్టించిన రోజులు నేనూ చూశాను. మూడో నెల తర్వాత దాన్ని తెరిచిన పాపాన పోయినవాడు లేడు.

పరికరాల_పని:
ఎర్రబడుతుంది, నిజమే. కానీ మా పాత ప్రాజెక్టు ఒకదాంట్లో ఏం జరిగిందో వినండి. ఒక అలారం 8 సెకన్లు ఆగి మోగాలని టెస్టు ఉంది, ఎప్పుడూ పచ్చగానే ఉండేది. ఎనిమిదే ఎందుకని ఒక కొత్త అమ్మాయి అడిగింది. తవ్వి చూస్తే, మొదటి డెవలపర్ డెమో కోసం పెట్టుకున్న అంకె అది. తర్వాత వచ్చినాయన కోడ్‌లో ఉన్నది చూసి దాని ప్రకారమే టెస్టు రాశాడు. తప్పుని టెస్టు ఏళ్ల తరబడి కాపాడింది. ఏం జరుగుతుందో టెస్టు చెబుతుంది. ఎందుకు జరగాలో, ఎవరు ఒప్పుకున్నారో దానికి తెలీదు. పాత_టెస్టర్ గారు ఇప్పుడు ఆ 5 చూసి టెస్టు రాస్తే అదే కథ మళ్లీ మొదలు.

కోడే_సాక్ష్యం:
ఆ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. అయితే ఆ "ఎందుకు" రాయడానికి నాలుగు వాక్యాలు చాలు. దానికో డాక్యుమెంట్, దానికి ఆమోదాలు, వెర్షన్ల పట్టిక... వద్దు.

బీఏ_పదేళ్లు:
నాలుగు వాక్యాలకి నేనూ ఒప్పుకుంటాను.

కానీ స్టోరీలో అసలు ఇమడనివి కూడా ఉన్నాయి. "ఏ పేజీ అయినా 2 సెకన్లలో తెరుచుకోవాలి." దీన్ని స్టోరీగా రాసి ఒక స్ప్రింట్‌లో 'డన్' అన్నారనుకోండి, తర్వాతి స్ప్రింట్‌లో వచ్చే పేజీ సంగతి? పాస్‌వర్డ్‌లు లాగ్ ఫైళ్లలో పడకూడదు, ఆడిట్ రికార్డు చెరగకూడదు, ఇవన్నీ అంతే. ఇవి ఎప్పటికీ పూర్తయ్యే పనులు కావు, ప్రతి పనికీ వర్తించే షరతులు. కొందరు డెఫినిషన్ ఆఫ్ డన్‌లో, అంటే పని పూర్తయిందనడానికి ఉండాల్సిన షరతుల జాబితాలో పెడతారు, కొందరు గోడకి అంటిస్తారు. బ్యాక్‌లాగ్‌లో పెడితే మాత్రం ఒకసారి టిక్కు పడి మాయమవుతాయి.

ఫిక్స్‌డ్_బిడ్_బాధితుడు:
మీరంతా అదృష్టవంతులు. మా దగ్గర స్టోరీయే కాంట్రాక్టు. 2003లో బిల్ వేక్ మంచి స్టోరీకి ఇన్వెస్ట్ (INVEST) అని ఆరు లక్షణాలు, ఒక్కో అక్షరానికి ఒకటి, చెప్పాడు, అందులో 'ఎన్' అంటే బేరసారాలకి వీలుండాలని. మా స్టోరీలకి క్లయింటు సంతకం పడ్డాక అక్షరం కదలదు. ఒక్కోదాని కింద పాతిక అంగీకార షరతులు. పేరుకి యూజర్ స్టోరీ, లోపల పాత స్పెసిఫికేషనే. మాట్లాడుకోవడం మొదలుపెడితే చేంజ్ రిక్వెస్ట్ అంటారు.

కొత్త_పీవో:
అయితే నేనేం చేయాలి? సోమవారం ప్లానింగ్ ఉంది. టెన్షన్‌గా ఉంది.

పరికరాల_పని:
సోమవారానికి పెద్దగా ఏమీ మార్చకండి. ఒక్కో స్టోరీ ముగించేటప్పుడు మాత్రం "దీనివల్ల ఏ నియమం మారింది, అది ఎక్కడ రాసుంది?" అని అడగండి. సగం స్టోరీలకి ఏ నియమమూ మారదు, బటన్ రంగు లాంటివి. వాటిని వదిలేయండి. మిగతావాటికి జవాబు లేకపోతే మూయనివ్వకండి.

పాత_టెస్టర్:
మూడు వారాల తర్వాత వచ్చాను. కోడ్ పక్కనే రిపాజిటరీలో 'నియమాలు' అని ఒక ఫోల్డర్ పెట్టాం, ఒక్కో విషయానికి ఒక్కో చిన్న ఫైలు. నియమం మారే పుల్ రిక్వెస్ట్‌లో (రివ్యూకి పెట్టే కోడ్ మార్పులో) ఆ ఫైలు కూడా మారాలి, లేకపోతే రివ్యూలో ఆపుతున్నాం. మొదటి వారం తిట్టుకున్నారు. ఇప్పుడూ తిట్టుకుంటున్నారు గానీ రాస్తున్నారు.

మొదటి ఫైలు గడువుదే. "5 రోజులు. కారణం తెలియదు. ప్రొడక్ట్ ఓనర్ తేల్చాలి" అని రాశాం. ఆయన ఇంకా తేల్చలేదు. కోడే_సాక్ష్యం గారి మాట కూడా విని టెస్టు రాశాను. నెలవారీ ప్లాన్‌కి 5 వచ్చింది, వార్షిక ప్లాన్‌కి 6 వచ్చింది. ఒకదాని గడువు రోజు మొదట్లో ముగుస్తుంది, రెండోదానిది రోజు చివర్లో.

కోడే_సాక్ష్యం:
ఆ తేడాకి కూడా ఏదో స్టోరీ ఉండే ఉంటుంది, వెతకండి.

పాత_టెస్టర్:
వెతికాను. లేదు.