స్లే ద స్పైరా, హేడీసా? రెండూ ఆడినవాళ్లు చెప్పండి

రోగ్‌లైక్ (చస్తే మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిన వీడియో గేమ్) ఒక్కటే కొనాలి. 2019లో పూర్తిగా విడుదలైన స్లే ద స్పైరా, 2020 నాటి హేడీసా? రోజుకు దొరికేది ముప్పావుగంట, ఆడేది కంట్రోలర్‌తో.

స్పైర్ కార్డుల ఆట, తొందరేం లేదు. టర్నుకు 3 ఎనర్జీ (కార్డు వేయాలంటే ఖర్చయ్యేది), 5 కార్డులు. శత్రువు ఎంత దెబ్బ కొట్టబోతున్నాడో వాడి తలమీదే కనిపిస్తుంది. 12 వస్తోందనుకోండి, రెండు డిఫెండ్ కార్డులతో 10 ఆపి, మిగిలిన ఎనర్జీతో స్ట్రైక్ వేసి 6 కొట్టొచ్చు. ఒంట్లోంచి పోయేది 2. ఈ లెక్కలోనే ఉంది మజా అంతా. కాకపోతే ఇచ్చిన ప్రతి కార్డూ తీసుకుంటే డెక్ (మన కార్డుల కట్ట) ఉబ్బిపోయి, అవసరానికి సరైన కార్డు చేతికి రాదు.

హేడీస్‌ది వేళ్ల పని. డాష్ (చటుక్కున దూకి తప్పుకోవడం) కాస్త ఆలస్యమైతే దెబ్బే. అయితే చచ్చినా డార్క్‌నెస్ (ఆటలో పోగుచేసుకునే ఒక వనరు) పోదు, దాంతో అద్దం దగ్గర శాశ్వత బలాలు తెచ్చుకోవచ్చు. ఆటను తేలిక చేసే గాడ్ మోడ్‌లో రక్షణ 20 శాతంతో మొదలై, చచ్చినప్పుడల్లా 2 శాతం పెరుగుతుంది.

అడగాల్సింది ఇదీ: వేళ్ల వేగం తక్కువైనవాళ్లకు గాడ్ మోడ్‌లో పోరాటం పస తగ్గకుండా ఉంటుందా? స్పైర్‌లో అసెన్షన్ 20 (అన్నిటికన్నా కష్టమైన స్థాయి) దాకా వెళ్లినవాళ్లకు ఇంకా కొత్తగా అనిపిస్తోందా, లేక అవే డెక్‌లు మళ్లీ మళ్లీ కట్టాల్సి వస్తోందా?